ఆర్కిడ్ బుడిపెలు మైనస్ 196 డిగ్రీల్లో: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో ఆర్కిడ్ టిష్యూకల్చర్ వ్యాసం చివర, కణజాలాన్ని ద్రవ నత్రజనిలో ఏళ్ల తరబడి దాచుకుని మళ్లీ మొక్కలు చేసుకోవచ్చని ఒకే ఒక్క వాక్యం రాశాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ వాక్యం మీదే. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపేసి జవాబిస్తున్నాం.

సార్, మా ల్యాబ్‌లో మైనస్ 20 ఫ్రీజర్ ఉంది. తెలిసిన కాలేజీలో మైనస్ 80 ఫ్రీజర్ కూడా ఉంది. డెండ్రోబియం ఆర్కిడ్ పీఎల్‌బీల్ని (కల్చర్‌లో పెరిగి మొక్కలుగా మారే బుడిపెల్ని) వాటిలో పెడితే సరిపోదా? నత్రజనే ఎందుకు?
— టిష్యూకల్చర్ టెక్నీషియన్, కడియం

సరిపోదండీ. మైనస్ 20లో పెట్టిన బుడిపె మర్నాడు తీసి చూస్తే నీరుకారుతూ మెత్తబడి ఉంటుంది. దాన్ని చంపింది చలి కాదు, మంచు. పీఎల్‌బీ బరువులో చాలా భాగం నీరే. ఆ నీరు మెల్లగా గడ్డకడితే స్ఫటికాలు పెరిగి కణాల పొరల్ని చీల్చేస్తాయి. కాబట్టి ముందు లోపలి నీటిని బాగా తగ్గించాలి. మిగిలిన కాస్త నీటిని గ్లిజరాల్, డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) లాంటి రసాయనాలతో చిక్కబరచాలి. ఆ తర్వాత స్ఫటికం కట్టే వ్యవధి ఇవ్వకుండా ఒక్కసారిగా చల్లార్చాలి. బాగా ముదిరిన చిక్కీ పాకం పలుకు కట్టకుండా పారదర్శకంగా బిగుసుకుంటుంది చూడండి, కణం లోపలి ద్రవం కూడా అలాగే బిగుసుకోవాలి. దీన్నే విట్రిఫికేషన్ అంటారు.

ఇందుకు ఎక్కువగా వాడే పీవీఎస్2 (ప్లాంట్ విట్రిఫికేషన్ సొల్యూషన్ 2) ద్రావణం ఆ గాజు స్థితికి వచ్చేది సుమారు మైనస్ 115 దగ్గర. మైనస్ 80 దానికి పైనే ఉంది. అక్కడ ద్రావణం చాలా చిక్కగా ఉంటుందే తప్ప గాజు కాదు, రోజులు గడిచేకొద్దీ అందులో స్ఫటికాలు పుడుతూనే ఉంటాయి. డ్రై ఐస్‌దీ (మైనస్ 78) ఇదే కథ. ద్రవ నత్రజని మరిగేది మైనస్ 196 దగ్గర కాబట్టి మనకు 80 డిగ్రీల వెసులుబాటు దొరుకుతుంది. మైనస్ 80 ఫ్రీజర్ ఉంది కదా అని దానికి సరిపడే పద్ధతి వెతుక్కోవడం వృథా ప్రయాస.

మేడమ్, డెండ్రోబియం సోనియా పీఎల్‌బీల్ని పీవీఎస్2తో దాచాలనుకుంటున్నాను. పద్ధతులన్నీ మోలార్లలో, శాతాల్లో ఉన్నాయి. గ్రాముల లెక్కతో, వరస తప్పకుండా చెప్పగలరా?
— పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

ముందు ద్రావణాల సంగతి చూద్దాం, ఎక్కువ మంది తప్పేది అక్కడే. పీవీఎస్2 జపాన్‌లో అకీరా సకాయ్ బృందం 1990లో నారింజ కణాల కోసం తయారు చేసిన మిశ్రమం. 100 మిల్లీలీటర్లకు గ్లిజరాల్ 30 గ్రాములు, ఇథిలీన్ గ్లైకాల్ 15 గ్రాములు, డీఎంఎస్‌ఓ 15 గ్రాములు, సుక్రోజ్ 13.7 గ్రాములు వేసి, మిగతాది ఎంఎస్ (మురాషిగె-స్కూగ్) ద్రవ పోషక మీడియంతో 100కి తేవాలి. పీహెచ్ 5.8. ఇవన్నీ గ్రాములు, మిల్లీలీటర్లు కావు. గ్లిజరాల్‌ను 30 మి.లీ. కొలిచి పోశారంటే దాదాపు 38 గ్రాములు పడినట్టు. ఆ ద్రావణంలో కణాలు చల్లబడకముందే చస్తాయి. పైగా గ్లిజరాల్ పిపెట్ గోడలకు అంటుకుపోతుంది. బీకరును త్రాసు మీద పెట్టి నేరుగా అందులోకే పోసుకోండి.

డీఎంఎస్‌ఓ నీటిలో కలిసేటప్పుడు వేడెక్కుతుంది, కాబట్టి అన్నిటికంటే చివర, కొద్దికొద్దిగా కలపాలి. ఏసీ గదిలో సీసా గడ్డకట్టి కనిపిస్తే పాడైందని పారేయకండి. అది 18 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, గోరువెచ్చటి నీళ్లలో నిలబెడితే కరిగిపోతుంది. డీఎంఎస్‌ఓను ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే పాత్రలో) పెట్టకుండా 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపాలి. ఫిల్టర్ నైలాన్‌దో పీటీఎఫ్ఈదో అయి ఉండాలి. మామూలు సెల్యులోజ్ ఫిల్టర్లను డీఎంఎస్‌ఓ కరిగించేస్తుంది.

మిగతా మూడు ద్రావణాలు తేలికే, అన్నీ 100 మి.లీ.కి చెబుతున్నాం. ప్రీకల్చర్ మీడియంలో (మొదటి రోజు బుడిపెల్ని ఉంచేది) సుక్రోజ్ 10.3 గ్రాములు (0.3 మోలార్). లోడింగ్ ద్రావణంలో (పీవీఎస్2కు ముందు పోసేది) గ్లిజరాల్ 18.4 గ్రాములు, సుక్రోజ్ 13.7 గ్రాములు (2 మోలార్, 0.4 మోలార్). అన్‌లోడింగ్ ద్రావణంలో (చివర పీవీఎస్2ను బయటికి లాగేది) సుక్రోజ్ 41.1 గ్రాములు (1.2 మోలార్).

ఇక పని. సబ్‌కల్చర్ చేసి (కొత్త మీడియంలోకి మార్చి) నాలుగు వారాలైన గిన్నెలోంచి 2, 3 మిల్లీమీటర్ల బుడిపెల్ని ఒక్కొక్కటిగా విడదీయండి. ఆకు మొన తొంగిచూస్తున్నవి వద్దు, లేత ఆకుపచ్చగా గుండ్రంగా ఉన్నవే కావాలి. 5 మిల్లీమీటర్ల బుడిపెలో పై కణాలు ఎండి చచ్చేసరికి కూడా లోపలి కణాల్లో నీరు మిగిలే ఉంటుంది. విడదీసిన వాటిని సగం బలం ఎంఎస్, 0.3 మోలార్ సుక్రోజ్ ఉన్న గట్టి మీడియం మీద ఒక రోజంతా ఉంచండి. చక్కెర లోపలికి చేరి పొరల్ని కాపాడేది ఈ రోజే కనుక దీన్ని ఎగ్గొట్టకూడదు.

మర్నాడు లోడింగ్ ద్రావణంలో గది వేడిమి దగ్గర 20 నిమిషాలు. దాన్ని వంచేసి, ముందే ఐసులో పెట్టి చల్లబరచిన పీవీఎస్2 పోయండి. గిన్నె కూడా ఐసు మీదే ఉండాలి. విశాఖలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయిన గదిలో ఈ పని చేస్తే పీవీఎస్2 విషం రెట్టింపు వేగంతో పని చేస్తుంది. ఎంతసేపు ఉంచాలన్నది మీ బుడిపెలే చెప్పాలి. సోనియాకే అయినా ల్యాబ్ మారితే లెక్క మారుతుంది. 20, 40, 60, 80 నిమిషాలు పెట్టి చూడండి, ఒక్కో వ్యవధికి పదేసి బుడిపెల చొప్పున మూడు జట్లు.

సమయం దగ్గరపడే ముందే, ఆటోక్లేవ్ చేసిన అల్యూమినియం రేకు ముక్కల్ని (5 మిల్లీమీటర్ల వెడల్పు, 20 పొడవు) ఐసు మీద పెట్టిన పెట్రీ ప్లేట్‌లో పరచుకోండి. ఒక్కో ముక్క మీద పీవీఎస్2 చిన్న చుక్కలు వేసి, చుక్కకొకటి చొప్పున ఐదు బుడిపెలు ఉంచండి. గడియారం చూసుకుంటూ ఫోర్సెప్స్‌తో రేకును పట్టుకుని థర్మోకోల్ పెట్టెలోని నత్రజనిలో ఒక్కసారిగా ముంచేయండి. బుసబుసమని పొంగడం ఆగాక, అదే పెట్టెలో మునిగి ఉన్న క్రయోవయల్‌లోకి (ఈ చలిని తట్టుకునే చిన్న ప్లాస్టిక్ సీసాలోకి) జార్చి మూత పెట్టండి. వయల్‌లోనే మిల్లీలీటరు పీవీఎస్2 పోసి ముంచే పాత పద్ధతిలో నిమిషానికి కొన్ని వందల డిగ్రీలే తగ్గుతుంది. రేకు మీది చిన్న చుక్కకు సెకనుకే వంద డిగ్రీల దాకా పడుతుంది. ఈ రెండు పద్ధతుల్లో దేన్ని ఎంచుకోవాలని అడిగితే మేం రేకునే ఎంచుకుంటాం.

తీసేటప్పుడూ అదే తొందర కావాలి. మెల్లగా వేడెక్కితే మైనస్ 115 దాటాక దారిలోనే స్ఫటికాలు కట్టేస్తాయి. వయల్ మూతను నత్రజనిలో ఉండగానే తెరిచి, రేకును నేరుగా 1.2 మోలార్ సుక్రోజ్‌లో (గది వేడిమి దగ్గర, 10 మి.లీ.) పడేయండి. 20 నిమిషాల్లో పీవీఎస్2 బయటికి వచ్చేస్తుంది. అప్పుడు 0.3 మోలార్ సుక్రోజ్ మీడియం మీద రెండు పొరల ఫిల్టర్ పేపర్ పరచి, దానిపై ఒక రోజు ఉంచండి. ఆ తర్వాత అమ్మోనియం నైట్రేట్ లేని మీడియం మీదికి మార్చి వారం రోజులు పూర్తి చీకట్లో, ఇంకో వారం మసక వెలుతురులో, అటుపైన మామూలు ట్యూబ్‌లైట్ కింద. దెబ్బతిన్న పచ్చటి కణానికి తొలి వారం వెలుతురు పడితే ఆక్సీకరణ మొదలై బుడిపె తెల్లబడుతుంది. కొత్త బుడిపెలు కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

సార్, పద్ధతి ప్రకారమే చేశాను. కొన్ని తెల్లబడ్డాయి, కొన్ని నల్లబడ్డాయి, కొన్ని పచ్చగానే ఉండి ఎదగడం లేదు. లోపం ఎక్కడ?
— బయోటెక్నాలజీ అధ్యాపకుడు, తిరుపతి

మీ ఉత్తరంలో నత్రజనిలో ముంచిన వాటి లెక్క ఒక్కటే ఉంది. ముంచని జట్టు లెక్క లేకుండా లోపం ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. ప్రతిసారీ మూడు ప్లేట్లు పెట్టండి. మొదటిది ప్రీకల్చర్ మాత్రమే అయినది. రెండోది లోడింగ్, పీవీఎస్2, అన్‌లోడింగ్ అన్నీ అయి నత్రజని తగలనిది. మూడోది నత్రజనిలో మునిగినది. రెండోదే చచ్చిపోతోందంటే ద్రావణం విషం లేదా ఉప్పెనలా నీరు లాగేసిన షాక్ కారణం. పీవీఎస్2 సమయం తగ్గించండి, ఐసు మీదే ఉందో లేదో చూడండి, గ్లిజరాల్ తూకం మళ్లీ చూసుకోండి. రెండోది బతికి మూడోది చస్తోందంటే లోపల మంచు కట్టింది. అప్పుడు పీవీఎస్2 సమయం పెంచాలి లేదా చిన్న బుడిపెలు తీసుకోవాలి. మొదటిదే వాడిపోతుంటే సరుకే బాగా లేదు, నత్రజని ఖర్చు పెట్టకండి.

నల్లబడటం ఎక్కువగా ఫినాల్స్ (గాయపడ్డ కణజాలం వదిలే రసాయనాలు) వల్ల. ప్రీకల్చర్‌లోనూ తిరిగి పెంచే మీడియంలోనూ లీటరుకు 50 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ యాసిడ్ (ఫిల్టర్ చేసి) కలిపి చూడండి. విడదీసేటప్పుడు బ్లేడు గాయాలు ఎక్కువైనా నల్లబడతాయి.

పచ్చగా ఉండి ఎదగనివి చాలా మందిని మోసం చేస్తాయి. చచ్చిన కణంలోనూ పత్రహరితం రెండు వారాలు నిలుస్తుంది. టీటీసీ అనే రంగు పరీక్షలో ఎర్రబడింది కదా బతికే ఉందని రాసుకునేవారూ ఉన్నారు. ఆ ఎరుపు కొన్ని కణాల్లో ఎంజైములు పని చేస్తున్నాయని మాత్రమే చెబుతుంది, మొక్క వస్తుందని కాదు. ఎనిమిదో వారం కొత్త బుడిపె పుడితేనే లెక్కలో వేసుకోండి. అలాగే పూర్తిగా తెల్లబడిందని మూడో వారం పారేయకండి. భూతద్దంతో అడుగు భాగం చూస్తే గుండుసూది తలంత పచ్చటి చుక్క కనిపించవచ్చు. కొత్త బుడిపె చాలాసార్లు అక్కడి నుంచే లేస్తుంది.

ఎంత శాతం బతికితే చాలు? ఒక్కో రకానికి ఎన్ని వయల్స్ దాచాలి?
— ఆర్కిడ్ నర్సరీ యజమాని, బెంగళూరు

40 శాతం తిరిగి పెరిగితే నిశ్చింతగా దాచుకోవచ్చు. లెక్క చూడండి. వయల్‌కు పది బుడిపెలు, 40 శాతం ఎదుగుదల ఉంటే ఒక వయల్ తీసినప్పుడు కనీసం ఒక్కటైనా మొక్కయ్యే అవకాశం 99 శాతం పైనే. అదే 20 శాతమైతే 89కి, 10 శాతమైతే 65కి పడిపోతుంది. 10 శాతం దగ్గరే ఆగిపోతే 95 శాతం భరోసాకు ఒక్కోసారి 29 బుడిపెలు తీయాలి, అంటే మూడు వయల్స్. కాబట్టి ఎదుగుదల తక్కువైతే పద్ధతిని ఇంకా సరిచేస్తారా, వయల్స్ పెంచుతారా అన్నది ఖర్చు లెక్క. రకం ఏదైనా, దాచిన మర్నాడే ఒక వయల్ తీసి పెంచి చూడటం మాత్రం మానకండి. మిగతావి రెండు వేర్వేరు క్యాన్లలో, వీలైతే రెండు ఊళ్లలో ఉంచండి.

డీఎంఎస్‌ఓ, ఇథిలీన్ గ్లైకాల్ జోలికి పోకుండా వేరే దారి ఉందా?
— డిగ్రీ కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జి, వరంగల్

ఉంది. ఆల్జినేట్ పూసల్లో పొదిగి ఆరబెట్టడం. ఈశాన్య రాష్ట్రాల నీలి వాండా ఆర్కిడ్ ప్రోటోకార్మ్‌ల (గింజ మొలిచినప్పుడు ముందుగా ఏర్పడే బుడిపెల) మీద థాయ్‌లాండ్ పరిశోధకులు దీన్ని చేసి చూపారు. కాల్షియం లేని మీడియంలో 3 శాతం సోడియం ఆల్జినేట్ కలపండి. కాల్షియం ఉంటే గిన్నెలోనే గడ్డకడుతుంది. బుడిపెతో సహా ఆ ద్రావణాన్ని చుక్కలుగా 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్‌లో (డైహైడ్రేట్ అయితే లీటరుకు 14.7 గ్రాములు) వదిలి అరగంట ఉంచితే 4, 5 మిల్లీమీటర్ల పూసలవుతాయి. వాటిని 0.75 మోలార్ సుక్రోజ్‌లో (లీటరుకు 257 గ్రాములు) రెండు రోజులు షేకర్ మీద ఉంచి, లామినార్ (వడకట్టిన గాలి వీచే పనిబల్ల) గాలిలో గానీ సిలికా జెల్ డబ్బాలో గానీ ఆరబెట్టాలి. పూసలో నీరు 20 నుంచి 25 శాతానికి రావాలి. అందుకు గంటలు లెక్కపెట్టడం కంటే తూకం వేయడమే నమ్మకం. వర్షాకాలంలో లామినార్ కింద నాలుగు గంటలకు రావాల్సింది ఎనిమిది గంటలకూ రాదు, సిలికా జెల్‌కు ఆ తేడా ఉండదు. ఆరిన పూసల్ని ఉత్త వయల్‌లో వేసి ముంచడమే. తీసేటప్పుడు 40 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు చాలు, అన్‌లోడింగ్ అక్కర్లేదు. పని ఎక్కువ, కానీ తొందరపాటు లేదు. విద్యార్థులతో చేయించడానికి ఇదే నయం.

అయ్యా, మా వైపు మామిడి చెట్ల మీద బదనిక (వాండా టెసెల్లాటా) తగ్గిపోతోంది. ల్యాబ్ లేకుండా దాన్ని దాచే మార్గం ఉందా?
— ఉపాధ్యాయుడు, పాడేరు

అడవి జాతికి బుడిపెల దాకా పోనక్కర్లేదు, గింజలే మేలు. బుడిపెలన్నీ ఒకే మొక్క నకళ్లు. గింజల్లోనైతే ప్రతిదీ వేరు, జాతిని కాపాడాలంటే ఆ వైవిధ్యమే కావాలి. ఒక్క సంకర రకాన్ని ఉన్నదున్నట్టు కాపాడాలనుకునే నర్సరీలకే కణజాలం అవసరం.

కాయ పసుపు తిరిగి, పగలబోయే ముందు కోసి కాగితం కవర్లో ఉంచండి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది. పగిలాక పిండిలా రాలే గింజల్ని సన్నటి జల్లెడ పట్టి, సిలికా జెల్ ఉన్న గాజు సీసాలో ఆరబెట్టాలి. గింజలో నీరు 5 శాతం దగ్గరికి వస్తే క్రయోవయల్‌లో పోసి నేరుగా నత్రజనిలో ముంచవచ్చు. ఏ ద్రావణమూ అక్కర్లేదు. పచ్చికాయ గింజలు మాత్రం ఈ ఎండును తట్టుకోవు. ఆరబెట్టడం వరకు మీరు చేయగలరు. దాచడానికి, మొలకెత్తించి చూడటానికి ల్యాబ్ తప్పదు, ఎందుకంటే ఆర్కిడ్ గింజలో తిండి నిల్వ ఉండదు. ఢిల్లీ ఎన్‌బీపీజీఆర్‌లో (జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థలో) జాతీయ క్రయోజీన్‌బ్యాంక్ ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంది. ఆర్కిడ్లకే ప్రత్యేకంగా సిక్కింలోని పాక్యాంగ్‌లో జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. ముందు వారికి రాయండి.

అటవీ భూమిలోని చెట్టు మీద నుంచి కాయ కోయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. నీలి వాండా, ఎర్ర వాండా, లేడీ స్లిప్పర్ ఆర్కిడ్ల మీద 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆంక్షలు కూడా ఉన్నాయి. పెరట్లో మామిడికైతే ఆ చిక్కు లేదు.

గడ్డకట్టించి తీసిన మొక్క పూవు రంగు మారుతుందా?
— పూల రైతు, మదనపల్లె

మైనస్ 196లో కణ విభజన ఉండదు కాబట్టి అక్కడ మార్పుకు తావు లేదు. మారితే అది అంతకు ముందు ఏళ్ల తరబడి సబ్‌కల్చర్ చేసినప్పుడో, తీశాక హార్మోన్ ఎక్కువ వేసి కేలస్ (ఆకారం లేని కణాల ముద్ద) కట్టించినప్పుడో వచ్చి ఉంటుంది. అందుకే ఎక్కువసార్లు సబ్‌కల్చర్ కాకముందే దాచండి, తీశాక బుడిపె నుంచి నేరుగా బుడిపె వచ్చేలా చూడండి.

సార్, మా దగ్గర పశువీర్యం స్ట్రాలు దాచే నత్రజని క్యాన్లున్నాయి. ఒక ల్యాబ్ వాళ్లు తమ ఆర్కిడ్ వయల్స్ అందులో పెట్టుకుంటామంటున్నారు. పెట్టనివ్వవచ్చా?
— గోపాలమిత్ర, కరీంనగర్ జిల్లా

నత్రజని నత్రజనే, కానీ మీ క్యాన్ వాడకం వాళ్లకు సరిపడదు. రోజూ స్ట్రా కోసం మీరు క్యానిస్టర్‌ను మెడ దాకా ఎత్తుతారు. మెడ దగ్గర చల్లదనం చాలా తక్కువ. రేకు మీది చిన్న చుక్క అక్కడ కొద్ది సెకన్లలోనే మైనస్ 115 దాటేస్తుంది, మళ్లీ కిందికి దించినా లోపల స్ఫటికాలు కట్టేసి ఉంటాయి. పైకి ఏ తేడా కనిపించదు, ఏడాది తర్వాత వయల్ తీసినప్పుడే బయటపడుతుంది. రోజూ తెరవని వేరే క్యాన్ పెట్టుకోమనండి. దానికి కావాల్సిన నత్రజని మీ బండిలోనే తెప్పించుకోవచ్చు.

ఆ క్యాన్‌లో మట్టం వారానికోసారి చెక్క స్కేలు ముంచి, బయటికి తీశాక మంచు పట్టిన గీతను బట్టి చూడాలి. బోలు గొట్టం ముంచితే పై కొస నుంచి నత్రజని ముఖం మీదికి చిమ్ముతుంది. ద్రవంలో మునిగిన వయల్‌లోకి నత్రజని చేరి ఉంటే, మూత బిగించి ఉండగానే గది వేడిమిలో పెడితే పేలుతుంది, అందుకే ముఖానికి షీల్డ్ ఉండాలి. ఒక లీటరు నత్రజని దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తున్న మూసిన గదిలో 5 లీటర్లు ఒలికితే ఆక్సిజన్ 21 శాతం నుంచి 18 దగ్గరికి పడిపోతుంది. 19.5 కంటే తగ్గితే చాలు, ప్రమాదమే. వాసన ఉండదు, దగ్గు రాదు, మనిషి నేరుగా కూలబడతాడు. క్యాన్‌ను కిటికీలు మూసిన ఏసీ కారులో తేవద్దు. లిఫ్ట్‌లో పంపాల్సి వస్తే క్యాన్‌ను ఒంటరిగా పంపి, మనుషులు మెట్లెక్కాలి.